దర్శి ఎద్దుల నుంచి గుండె ధమనుల దాకా

పత్తి, మిరప పండే గుంటూరు నల్లరేగడి దాటి నైరుతికి, దర్శి, పొదిలి, కనిగిరి వైపు సాగితే బోరు గ్రానైటు రాతిలోకి దిగుతుంది. ఆ రాతి నుంచే నీళ్లలోకి ఫ్లోరైడ్ చేరుతుంది. ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోవడం అక్కడి రైతులే ముందు గమనించారు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మనుషుల్లో గుర్తించి రాశారు. దేశంలో మనుషుల ఫ్లోరోసిస్‌పై తొలి నివేదికల్లో అదొకటి. అప్పట్లో ఆ ఊళ్లు నెల్లూరు జిల్లావి. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది 1970లో.

జబ్బు ముదిరినవారి ముంజేతి ఎక్స్‌రే చూడండి. రెండు ఎముకల నడుమ ఉండే పలచటి పొర మామూలుగా ఫిల్ములో కనపడదు. వీళ్లలో అది ముళ్లుముళ్లుగా, తెల్లగా తేలుతుంది. ఎముక కాని చోట సున్నం పట్టిందన్నమాట.

నీళ్లలోని ఫ్లోరైడ్ ఒంట్లో పేరుకుందని సరిపెట్టుకుంటే కథ అక్కడే ఆగేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అక్కడ ఆగలేదు. ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్నవారి గురించి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో రాశారు. 1976లో శివకుమార్, కృష్ణమాచారి అలాంటి రోగుల రక్తంలో పారాథైరాయిడ్ హార్మోన్ కొలిచారు. ఫ్లోరైడ్ కాల్షియాన్ని ఎముకలోకి లాగేస్తే రక్తంలో కొరత పడుతుంది. ఆ లోటు పూడ్చడానికి గొంతులోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్‌ను పెంచుతాయి. అది మళ్లీ ఎముకనే కరిగిస్తుంది. మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన మలుపు ఇదే. జబ్బు నీటితో మొదలైనా, దాన్ని ముందుకు నడిపేది ఒంట్లోని హార్మోన్లు.

ఎముక కాని చోట సున్నం పట్టే మరో తావు రక్తనాళాలు. వాటి విషయంలో ఈ చూపు ఆలస్యంగా వచ్చింది. ధమనుల్లో జరిగేది ఎముక ఏర్పడటం లాంటిదేనని జర్మనీలో విర్షో అనే వైద్యుడు పందొమ్మిదో శతాబ్దంలోనే అన్నా, వయసు మీద పడితే సున్నం పట్టడం మామూలేనని చాలాకాలం వదిలేశారు. 1993లో లాస్ ఏంజెలిస్‌లో బోస్ట్రోమ్, డెమెర్ బృందం పూడుకుపోయిన ధమనుల్లో ఎముకను పుట్టించే ప్రోటీన్‌ను కనుగొంది. నాళపు గోడలోని కండర కణాలు ఎముక కణాల పోకడ పోతాయని తర్వాత తేలింది. వాటిని అటు నెట్టేవి రెండని 2000లో వచ్చిన ప్రయోగాలు చూపాయి: ఒకటి ఫాస్ఫేట్, రెండోది లోలోపల రగిలే ఇన్‌ఫ్లమేషన్‌లో వెలువడే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఇవన్నీ ఒకేసారి కమ్ముకుంటాయి. ఫాస్ఫేట్ బయటికి పోదు, పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది, ఇన్‌ఫ్లమేషన్ చల్లారదు. కొందరి మణికట్టు ఎక్స్‌రేలో ధమనులు రైలు పట్టాల్లా కనిపిస్తాయి.

ఎముకల కథ, నాళాల కథ కలిసే చోటూ ఉంది. ఫ్లోరోసిస్ రోగుల్లో బృహద్ధమని సాగే గుణం తగ్గిందని 2010లో తుర్కియే వైద్యులు రాశారు. మరోపక్క రేడియోధార్మిక ఫ్లోరైడ్‌ను ఎక్కించి, గుండె ధమనుల్లో అప్పుడప్పుడే సున్నం పడుతున్న చోటును పట్టుకోవచ్చని 2014లో ఎడిన్‌బరో బృందం చూపింది. అందుకే కనిగిరి, దర్శి పల్లెల్లో ఇకపై చేసే ఫ్లోరోసిస్ సర్వేలు పళ్లు, ఎముకలు చూసి ముగించకూడదు. అక్కడివారి రక్తంలో ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్, ఇన్‌ఫ్లమేషన్‌ను తెలిపే సీఆర్‌పీ కొలవాలి. బీపీ, మూత్రపిండాల తీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూడాలి.