ఏ శాఖకూ చెందని ఇల్లు

2002 వేసవిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం తన సాంస్కృతిక అధ్యయనాలు, సామాజిక శాస్త్రాల శాఖను మూసేసింది. అంతకు ముందు ఏడాది బ్రిటన్ అంతటా జరిగిన పరిశోధనా మదింపులో ఆ శాఖకు 3ఎ గ్రేడు వచ్చింది. ఒకటి నుంచి అయిదు నక్షత్రం దాకా ఉండే కొలబద్దలో అది నడిమి మెట్టు. ఫెయిలైనట్టు కాదు. అయినా ఏలినవారికి ఆనలేదు. ప్రపంచం నలుమూలల నుంచి ప్రొఫెసర్లు ఉత్తరాలు రాశారు, విద్యార్థులు గోల పెట్టారు. వినేవాడు లేడు. జులై వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

అది మామూలు శాఖే అయితే ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుని బాధపడాల్సిన పని లేదు. కానీ దాని పుట్టిల్లు 1964లో వెలసిన సమకాలీన సాంస్కృతిక అధ్యయన కేంద్రం. కల్చరల్ స్టడీస్ అని ఇవాళ లోకమంతా చదువుకుంటున్న విద్య అక్కడే నడక నేర్చింది.

దాన్ని పెట్టినవాడు రిచర్డ్ హోగార్ట్. లీడ్స్ కార్మికవాడలో, చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే బంధువుల పంచన పెరిగినవాడు. తను పుట్టిన వాడలో జనం ఏం చదువుతారు, ఏం పాడుకుంటారు, ఎలా మాట్లాడుకుంటారు అని 1957లో 'ది యూజెస్ ఆఫ్ లిటరసీ' రాశాడు. బర్మింగ్‌హామ్‌లో ఇంగ్లిష్ ప్రొఫెసర్ అయ్యాక, ఆ పనిని పీజీ విద్యార్థులతో సాగించాలనుకున్నాడు. విశ్వవిద్యాలయం చోటిచ్చింది గానీ డబ్బివ్వలేదు. డబ్బిచ్చింది పెంగ్విన్ ప్రచురణ సంస్థ అధిపతి అలెన్ లేన్. 1960లో 'లేడీ చాటర్లీస్ లవర్' మీద అశ్లీలం కేసు నడిచినప్పుడు హోగార్ట్ బోనెక్కి పెంగ్విన్ తరఫున సాక్ష్యం చెప్పాడు. ఆ కృతజ్ఞత లేన్ మరిచిపోలేదు. అంటే ఈ ఇంటికి మొదటి నుంచీ సొంత నేల లేదు. ఇంగ్లిష్ శాఖ చూరు కింద, ఒక పుస్తకాల వ్యాపారి చలవతో మొదలైంది.

హోగార్ట్ యునెస్కోకు వెళ్ళిపోయాక పగ్గాలు స్టూవర్ట్ హాల్ చేతికొచ్చాయి. జమైకా కుర్రాడు, రోడ్స్ స్కాలర్‌గా 1951లో ఆక్స్‌ఫర్డ్ వచ్చాడు. హెన్రీ జేమ్స్ నవలల మీద మొదలెట్టిన థీసిస్‌ని మధ్యలో వదిలేశాడు. డాక్టరేట్ లేని ఆ మనిషి దగ్గర డాక్టరేట్ చేయడానికి జనం బారులు తీరారు.

ఎవరా జనం? ఇంగ్లిష్ శాఖకు వెళ్తే 'ఇది సాహిత్యం కాదు' అనిపించుకునేవాళ్ళు, సోషియాలజీకి వెళ్తే 'ఇందులో లెక్కలేవీ?' అనిపించుకునేవాళ్ళు, చరిత్రకు వెళ్తే 'ఇది నిన్న మొన్నటి సంగతి కదా' అనిపించుకునేవాళ్ళు. మన భాషలో రెంటికీ చెడ్డ రేవడులు. పాల్ విల్లిస్ మోటార్‌సైకిల్ కుర్రాళ్ళ వెంట, హిప్పీల వెంట తిరిగి థీసిస్ రాశాడు. ఆంజెలా మెక్‌రాబీ 'జాకీ' అనే ఆడపిల్లల పత్రికను పట్టుకుంది. డొరతీ హాబ్సన్ ఇల్లాళ్ళ పక్కన కూర్చుని టీవీ సీరియల్ చూసింది. ఇంకెక్కడ అడిగినా దరఖాస్తు దగ్గరే తిరగ్గొట్టే విషయాలివి. ఇక్కడ మాత్రం వాటికి కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

పని తీరు కూడా వేరు. డెబ్బైలలో అక్కడ ఉన్నది ఇద్దరు ముగ్గురు అధ్యాపకులే. అందుకని విద్యార్థులు జట్లుగా చేరి చదివేవారు, జట్లుగా రాసేవారు, సైక్లోస్టైల్ తీసి పంచేవారు. 1972లో బర్మింగ్‌హామ్‌లోనే హ్యాండ్స్‌వర్త్ పేటలో ఒక దారిదోపిడీ జరిగింది. ముగ్గురు కుర్రాళ్ళకు శిక్ష పడింది, అందులో ఒకడికి ఏకంగా ఇరవై ఏళ్ళు. ఇంత శిక్ష ఎందుకు, పత్రికలకు ఈ పూనకం ఎక్కడిది అని తవ్వడం మొదలెట్టిన జట్టు అయిదేళ్ళకు గానీ తేలలేదు. 1978లో 'పోలీసింగ్ ది క్రైసిస్' వచ్చింది. అట్ట మీద అయిదు పేర్లు. దారిదోపిడీ నుంచి బయల్దేరి, ఒక ప్రభుత్వం భయాన్ని పెట్టుబడిగా ఎలా మార్చుకుంటుందో చెప్పిన పుస్తకం. మార్గరెట్ థాచర్ గద్దెనెక్కడానికి ఒక ఏడాది ముందు! ఆ జోస్యం అంత సూటిగా తగలడం రాసినవాళ్ళకు సంతోషం కలిగించి ఉండదు.

అయిదు పేర్లని ఊరికే అనలేదు. పీహెచ్‌డీ పట్టా మీద పడేది ఒక్క పేరే. జట్టు పనిలో పడి సొంత థీసిస్ వెనకబడేది. ఈలోగా స్కాలర్‌షిప్ గడువు తీరేది. ఆ చోటికి వన్నె తెచ్చిందీ, దాన్ని లోపల్లోపల తినేసిందీ ఒకటే అని నాకనిపిస్తుంది.

ఇంట్లో పోరూ తక్కువేం లేదు. అణగారినవాళ్ళ గురించి రాసే గదిలో మాట్లాడేదంతా మగవాళ్ళేనని ఆడవాళ్ళ జట్టు నిలదీసింది. 1978లోనే 'విమెన్ టేక్ ఇష్యూ' తెచ్చింది. 1982లో పాల్ గిల్రాయ్, హేజెల్ కార్బీ వంటివాళ్ళు 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'తో జాతి ప్రశ్నను నడిగదిలోకి తెచ్చారు. అప్పటికే హాల్ వెళ్ళిపోయాడు, 1979లో, ఓపెన్ యూనివర్సిటీకి. తాను వద్దన్నా తండ్రి పీఠం మీద కూర్చోబెడుతున్నారన్న బాధ ఆ పోకలో కొంత ఉంది.

ఆ తర్వాతి కాలం నిధుల కోతల కాలం. బతకడం కోసం కేంద్రం శాఖగా మారింది, డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పింది, సోషియాలజీని కలుపుకుంది. అడిగిన వేషమల్లా వేసింది. చివరికి సబ్జెక్టుల వారీగా కూర్చునే మదింపు బృందం ముందు నిలబడాల్సి వచ్చింది. గడి గడికీ ఒక సబ్జెక్టు పేరున్న పట్టికలో, గడులు దాటడానికే పుట్టిన చోటుకు ఎన్ని మార్కులొస్తాయి? శాఖలో మార్కులకు తగ్గ పరిశోధన జరగలేదన్నది అధికారుల వాదన. కావచ్చు. కానీ పాఠాలకు పిల్లల కొరత లేని శాఖను, ఒక్క మెట్టు తగ్గిందని కూల్చడం నాకు హిసాబు చూసుకున్నట్టుంది తప్ప చదువు చూసుకున్నట్టు లేదు. కొందరు అధ్యాపకులు సొమ్ము తీసుకుని తప్పుకున్నారు. మిగిలిన కోర్సులను వేరే శాఖల్లో సర్దారు.

అప్పటికి ఆ విద్య ఖండాలు దాటేసింది. చిరంజీవి అభిమాన సంఘాల మీద ఏళ్ళ తరబడి పరిశోధించి ఎస్.వి. శ్రీనివాస్ 2009లో 'మెగాస్టార్' పుస్తకం తెచ్చారు. కటౌట్లు, పాలాభిషేకాలు పరిశోధనకు తగిన సంగతులేనా అన్న సందేహానికి బర్మింగ్‌హామ్ నలభై ఏళ్ళ కిందటే జవాబు చెప్పి పెట్టింది. హైదరాబాద్ ఇఫ్లూలో సాంస్కృతిక అధ్యయనాలకు విడిగా ఒక శాఖే ఉంది.

2014 ఫిబ్రవరి 10న హాల్ పోయాడు. సరిగ్గా రెండు నెలలకు, ఏప్రిల్ 10న హోగార్ట్ పోయాడు. కేంద్రం పుట్టి యాభై ఏళ్ళయిందని ఆ ఏడే బర్మింగ్‌హామ్‌లో సభ జరిపారు. ఆనాటి సైక్లోస్టైల్ కాగితాలు ఇప్పుడు, దాన్ని మూసేసిన ఆ విశ్వవిద్యాలయానిదే అయిన క్యాడ్‌బరీ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటి మీద పరిశోధన చేయదలచినవాళ్ళు మాత్రం ముందు తమది ఏ శాఖో తేల్చుకుని దరఖాస్తు పెట్టుకోవాలి.