చిట్టా, ఆవర్జా, పర్సనల్ రిజిస్టరు

మొన్నటి సంక్రాంతికి మా మేనల్లుడు బెంగుళూరునుండి వచ్చి, తన చేతి ఫోనులో నొక పనుల పట్టికను నాకు చూపించెను. చెల్లెలి పెండ్లి యనునది పెద్దపని. దాని క్రింద మంటపము, వంటవారు, శుభలేఖలు. శుభలేఖల క్రింద మరల అచ్చు, చిరునామాలు, పంపకము. వ్రేలితో నదిమినచో క్రిందిది మీదికి, మీదిది క్రిందికి బోవుచున్నది. "మామయ్యా, మీ కాలంలో ఇలాంటివి లేవు గదా" అనెను. ముప్పదియారు సంవత్సరములు రెవిన్యూ గుమాస్తాగా అట్టి పట్టికతోడనే కాపురము చేసినవాడను గనుక నాకు నవ్వు వచ్చినది. ఆనాడు వానికి చెప్పినదానినే మన సంచికకై కొంత పెంచి వ్రాయుచున్నాను.

పనిని ముక్కలుగా విభజించి వరుసలో నుంచుట మనవారికి క్రొత్త విద్య కాదు. వర్తకుల యిండ్లలో చిట్టా, ఆవర్జా యని రెండు పుస్తకము లుండెడివి. ఆనాడు జరిగినది జరిగిన వరుసనే చిట్టాలో నెక్కును. సావకాశముగా కూర్చుండి దానినే మనిషివారీగా, పద్దువారీగా ఆవర్జాలోనికి దింపుదురు. వ్రాయునపుడు వరుసను గూర్చి ఆలోచింపరాదు. వరుస పెట్టునపుడు క్రొత్తది వ్రాయరాదు. ఈ రెండు పనులను వేరుచేయుటలో గొప్ప తెలివి యున్నదని నా యభిప్రాయము. (రెవిన్యూ లెక్కలలో చిట్టా యనగా వేరు. అది 10వ నెంబరు గ్రామలెక్క, పట్టాదారువారీ భూముల పట్టిక. రెంటిని కలిపి చిక్కుపడినవారిని నే నెరుగుదును.)

అంతకు ముందు కరణముల కవిలెలు తాటాకులపై నుండెడివి. ఆకులకు తూటు పొడిచి త్రాట గూర్చెడివారు. త్రాడు విప్పిన ఆకును మరియొక చోట నెక్కింపవచ్చును. మెకంజీ దొరకొరకు కావలి సోదరులు మొదలగువారు మన గ్రామముల వృత్తాంతములను సేకరించినపుడు ఇట్టి కవిలెలే వారికి పెక్కుచోట్ల ఆధారమైనవి. కుట్టిన కాగితపు పుస్తకము వచ్చిన పిమ్మట వ్రాత కుదురైనది కాని ఆకు కదలుట పోయినది. ఒకసారి యెక్కిన పద్దు అక్కడనే యుండును. ఈ లోపమును పూరించుటకే మద్రాసు ప్రభుత్వమువారి కచేరీలలో ఒక పద్ధతి యేర్పడినది. టాటెన్‌హామ్ అను సివిల్ ఉద్యోగి పేరిట దానిని టాటెన్‌హామ్ పద్ధతి యందురు.

దాని గుండెకాయ పర్సనల్ రిజిస్టరు. తమిళనాట దీనిని తన్‌పదివేడు అందురు. ప్రతి గుమాస్తాకు తనదియే యొకటి యుండును. తపాలులో వచ్చిన కాగితమునకు ఒక కరెంటు నెంబరు పడును. ఎవరు పంపిరి, ఏ విషయము, ఏనాడు పై యధికారికి పెట్టితిమి, ఎవరికి వ్రాసితిమి, జవా బెన్నడు వచ్చెను, తుద కేమైనది, వీనికెల్ల వేరువేరు గళ్లు. అదే విషయమును గూర్చి తరువాత వచ్చు కాగితములకు క్రొత్త నెంబరు లేదు, పాతదాని క్రిందనే యెక్కును. అందులకై ప్రతి నెంబరు క్రింద చోటు విడువవలెను. మా మేనల్లుని చిన్నపనులనగా నివియే.

అయితే పద్దు కదలదు గదా. దానికి రిమైండరు డైరీ. జవాబు రావలసిన కాగితమునకు ఒక తేదీ నిర్ణయించి, ఆ తేదీ పుటలో నెంబరు మాత్రము వ్రాయవలెను. ఉదయము కచేరికి రాగానే ఆనాటి పుట చూడవలెను. నెలల తరబడి కదలనవసరము లేనివానికి కాల్ బుక్కు వేరు. నెలనెల తప్పక పంపవలసిన లెక్కలకు పీరియాడికల్ రిజిస్టరు వేరు. ముక్కలు చేయుట ఎవరైన చేయుదురు. ఎదురుచూచు ముక్కను ఏనాడు మరల కంటబడునట్లు చేయుటయో అదియే యీ పద్ధతిలోని సారము.

మనవంటి సరిహద్దు తెలుగువారికి దీనితో మరియొక బంధమున్నది. 1936 ఏప్రిల్ 1న గంజాము ఒరిస్సాలో చేరినది. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరునకు పోయినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. ప్రభుత్వము మారినను పెండింగు కాగితము మారదు. ఒకే మద్రాసు కచేరీ మర్యాదలో పెరిగిన గుమాస్తాలు ఇరువైపుల నుండుటచే, ఈవలి నెంబరును ఆవలివాడు చదువగలిగెను. (యానాము మాట వేరు. అది ఫ్రెంచివారి యేలుబడి.)

ఈ పద్ధతిని ఇంతగా పొగడుచున్న నేనే దానికి ద్రోహము చేసితిని. 1980 దాటిన తొలి యేండ్లలో, సరిహద్దు ప్రాంతపు ఒక కచేరీలో, ఒక తెలుగు ముదుసలి భర్త పేరనున్న పట్టాను తన పేర మార్చుమని అర్జీ పెట్టుకొన్నది. దాని క్రింద మూడు చిన్నపనులు: వారసత్వపు విచారణ, కొలతల పటము, రాష్ట్రము మారకముందటి రికార్డు నకలు. మొదటి రెండును వచ్చినవి. నకలుకొరకు ఆవలి జిల్లాకు నేనే వ్రాసితిని. రిజిస్టరులో నెక్కించితిని కాని డైరీలో తేదీ వేయ మరచితిని. ఎనిమిది నెలలు! చూచినవారికి నా రిజిస్టరు నిండుగా, ముచ్చటగా నుండెను. ఆమె యప్పుడప్పుడు వచ్చి, "నాయనా, నా కాయితం యాడుందో సూడు" అనెడిది. "పై నుంచి రావాలవ్వా" అని పంపెడివాడను. అది అబద్ధ మని నాకు తెలియదు. ఒకనాడు హెడ్ గుమాస్తాగారు తనిఖీ చేయుచు ఆ పద్దుపై వ్రేలు పెట్టి, "దీనికి రిమైండ రెప్పుడు వేసితివి?" అని యడిగిరి. నోట మాట రాలేదు. ఆనాడే రిమైండరు పోయినది. మూడు వారములలో నకలు వచ్చినది. ఈలోపల ఒక పంటకాలము దాయాదులు ఆ నేలను దున్నుకొనిరి. ఆ పంట ఆమెకు మరల రాలేదు.

ఇదంతయు విని మా మేనల్లుడు తన పట్టికను మరల తెరచి, వంటవాని బదులు రావలసిన పద్దునకు తేదీ యున్నదో లేదో చూచుకొనెను. లేదు.

ఆ ముదుసలి ఫైలును మూయునపుడు దానిని ఏ తరగతిలో చేర్చవలెనని ప్రశ్న వచ్చినది. ఎల్.డిస్. అయినచో ఒక సంవత్సరమునకు, డి.డిస్. అయినచో పది సంవత్సరములకు తగులబెట్టుదురు. భూమిహక్కు గనుక ఆర్.డిస్. అని నా చేతితోనే వ్రాసితిని. అనగా శాశ్వతము. నా యెనిమిది నెలల ఖాళీ గడితోకూడ ఆ కాగితములు ఇప్పటికిని ఏదో రికార్డు గదిలో కట్టకట్టి యుండవలెను.