గ్రాఫిక్స్ కార్డు ఎంపిక

గ్రాఫిక్స్ కార్డు అనగా కంప్యూటరు తెరపై కనిపించే అక్షరాలను, బొమ్మలను, దృశ్యాలను సిద్ధపరచి మానిటరుకు పంపే పరికరం. దీనిని వీడియో కార్డు అని కూడా అంటారు. ఇందులోని ప్రధానమైన చిప్పును గ్రాఫిక్స్ ప్రాసెసింగ్ యూనిట్ లేదా క్లుప్తంగా జీపీయూ అంటారు. ఇది ఒకే రకమైన వేలాది చిన్న లెక్కలను ఏకకాలంలో చేయగలదు. కొత్త కంప్యూటరులో అత్యంత ఖరీదైన భాగం తరచుగా ఇదే కనుక, దీని ఎంపికలో పొరపాటు జరిగితే నష్టం ఎక్కువ.

చరిత్ర

1981లో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరుకు ఎం.డి.ఎ., సి.జి.ఎ. అనే రెండు కార్డులను అందించింది. వీటిలో మొదటిది అక్షరాలను మాత్రమే చూపగలిగేది. 1987లో వచ్చిన వీజీఏ 640×480 చుక్కల తెరపై 16 రంగులను చూపింది. 1996లో వచ్చిన వూడూ కార్డు త్రిమితీయ ఆటలకు ప్రాచుర్యం తెచ్చింది. 1999లో ఎన్విడియా సంస్థ తన జీఫోర్స్ 256ను ప్రపంచంలో మొట్టమొదటి జీపీయూగా ప్రచారం చేసింది. 2006లో ఏటీఐ సంస్థను ఏఎండీ కొనుగోలు చేసింది. 2022లో ఇంటెల్ సంస్థ ఆర్క్ కార్డులతో ఈ రంగంలో పోటీకి దిగింది.

అవసరమా, కాదా?

పెక్కు ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగం ఇమిడియే ఉంటుంది. పాఠాలు వినుటకు, ఉత్తరాలు టైపు చేయుటకు, సినిమాలు చూచుటకు, ప్రోగ్రామింగు నేర్చుకొనుటకు అది చాలును. అయితే పేరు చివర ఎఫ్ అక్షరం గల ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో ఈ భాగం పనిచేయదు. వాటికి విడిగా కార్డు తప్పనిసరి. పెద్ద ఆటలు, వీడియో ఎడిటింగు, త్రిమితీయ రూపకల్పన, కృత్రిమ మేధ వంటి పనులకు ప్రత్యేక కార్డు ఉపయోగపడుతుంది.

గమనించవలసిన విషయాలు

తెర: 1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 3840×2160 తెరలో దానికి సరిగ్గా నాలుగు రెట్లుంటాయి. కనుక ముందు మానిటరును చూచుకొని, తరువాత కార్డును నిర్ణయించుకోవాలి.

మెమరీ: కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. దీనిని సాధారణంగా తరువాత పెంచుకొనుటకు వీలుండదు. అయితే మెమరీ ఎక్కువైనంత మాత్రాన కార్డు వేగవంతమైనదని భావించరాదు.

విద్యుత్తు: పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. అంతకు మించి కావలసినచో ఎస్ఎంపీఎస్ నుండి ప్రత్యేక తీగ కలపాలి. 6 పిన్నుల తీగ మరొక 75 వాట్లు, 8 పిన్నుల తీగ 150 వాట్లు అందిస్తాయి.

స్థలం: కార్డు పొడవు, మందం క్యాబినెట్‌లో ఇముడుతాయో లేదో కొలిచి చూడాలి.

సాఫ్ట్‌వేరు: క్యూడా ఆధారంగా పనిచేసే ప్రోగ్రాములకు ఎన్విడియా కార్డు అవసరం. చేయబోయే కోర్సుకు ఏ సాఫ్ట్‌వేరు కావాలో ముందే తెలుసుకొనుట మంచిది.

పేర్లలో తికమక

ఒకే పేరుతో వేర్వేరు సామర్థ్యం గల కార్డులు విక్రయించిన సందర్భాలున్నాయి. 2016లో జీటీఎక్స్ 1060 కార్డు 6 జీబీ, 3 జీబీ రకాలలో వచ్చింది. తేడా మెమరీలోనే కాదు. మొదటిదానిలో 1280 కోర్లుండగా రెండవదానిలో 1152 మాత్రమే ఉన్నాయి. అలాగే డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లు, 24 జీబీ మెమరీ ఉండగా, అదే పేరుగల ల్యాప్‌టాప్ జీపీయూలో 9,728 కోర్లు, 16 జీబీ ఉన్నాయి. అందుచేత పేరును బట్టి కాక, పూర్తి వివరాల పట్టికను చదివి కొనాలి.

వాడిన కార్డులు

2020-22 మధ్య క్రిప్టోకరెన్సీ మైనింగు కారణంగానూ, చిప్పుల కొరత వలననూ కార్డుల ధరలు బాగా పెరిగాయి. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగు పద్ధతిని విడిచిపెట్టిన తరువాత, ఆ పనికి వాడిన కార్డులు పెద్ద సంఖ్యలో పాత సామాగ్రి విపణికి చేరాయి. అటువంటివి చౌకగా దొరికినా, నెలల తరబడి నిర్విరామంగా తిరిగిన ఫ్యాన్లు అరిగి ఉండవచ్చు. కొనేముందు కార్డును కొంతసేపు భారీ పనితో నడిపించి వేడిని, శబ్దాన్ని పరీక్షించాలి. వారంటీ మిగిలి ఉన్నదేమో బిల్లులో చూచుకోవాలి.

ఇవి కూడా చూడండి

మదర్‌బోర్డు
ప్రాసెసర్
మానిటరు