త్రీనాట్‌త్రీ తూటాలో పీడనము: మాపన చరిత్ర, లక్షణ పరీక్ష

తూటాలోని మందు మండి వాయువుగా మారునప్పుడు, ఆ వాయువు ఇత్తడి తొడుగును, గొట్టమును, బోల్టును సర్వదిశల ప్రతి చదరపు అంగుళముపై నొత్తు బలమునకు పీడనమని పేరు. గుండును ముందునకు త్రోయునదియు, హద్దు మీరినచో తుపాకిని చీల్చి కాల్చువాని కన్నును చేతిని హరింపగలదియు నిదియే. రెప్పపాటులో పుట్టి అణగిపోవు ఈ బలమును కంటితో చూడజాలము గనుక, అది విడిచిపోయిన జాడలను బట్టి దాని పరిమాణము నూహించుట ఆయుధశాలల శిల్పులకును, పాత సైనిక తుపాకులకు స్వయముగా తూటాలు నింపుకొను విదేశీయ లక్ష్యవేధులకును విడువరాని విద్యయైనది.

మాపన చరిత్ర

మందు బలమును అంకెలలోనికి తెచ్చు ప్రయత్నములలో ప్రసిద్ధమైనది 1797లో ప్రకటితమైన కౌంట్ రంఫర్డ్ పరిశోధనము. మందు ఎంత బరువును లేపగలదో చూచి ఆయన పీడనమును గణించెను. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున అమెరికా సైన్యమునకు చెందిన రాడ్‌మన్, వాయువు త్రోయగా రాగి పలకలో దిగబడు ఉక్కు మొన గాటును కొలిచెను. అటుపిమ్మట ఇంగ్లండులో ఆండ్రూ నోబుల్ చిన్న రాగి స్తంభమును పీడనమునకు గురిచేసి, అది ఎంత కుదించుకొనెనో దానిని బట్టి లెక్క కట్టు పద్ధతిని స్థిరపరచెను. రాగి నలుగుటకు కొంత వ్యవధి పట్టును గనుక, క్షణకాలపు శిఖర పీడనమును అది తక్కువగా చూపెడిది. 1880లో క్యూరీ సోదరులు కనుగొనిన, ఒత్తినచో స్ఫటికమున విద్యుత్తు పుట్టు ధర్మమును ఆధారము చేసికొని, తరువాతి కాలమున వచ్చిన పరికరములు ఈ లోపమును తీర్చినవి. కావుననే పాత బ్రిటిషు గ్రంథములలో త్రీనాట్‌త్రీ తూటాకు చదరపు అంగుళమునకు సుమారు 18, 19 టన్నులని కానవచ్చు అంకెను, నేటి ఐరోపా ప్రమాణమైన 365 మెగాపాస్కళ్ల గరిష్ఠ పరిమితితో నేరుగా పోల్చుట ప్రమాదకరము. రెండును ఒకే బలమును వేరువేరు కొలతలతో కొలిచినవి.

త్రీనాట్‌త్రీ

మన పల్లెలలో సైతము త్రీనాట్‌త్రీ యని పేరొందిన .303 తూటా 1888లో నల్ల తుపాకిమందుతో సైన్యప్రవేశము చేసి, అచిరకాలములోనే కార్డైటు అను పొగరాని మందునకు మారెను. నూటికి 58 పాళ్లు నైట్రోగ్లిసరిను, 37 పాళ్లు గన్‌కాటను, 5 పాళ్లు ఖనిజ వాసెలీను గల ఆ తొలి కార్డైటు యొక్క ఉగ్రమైన వేడికి లీ–మెట్‌ఫర్డ్ తుపాకుల గొట్టములలోని లోతులేని చాళ్లు త్వరత్వరగా అరిగిపోగా, 1895లో లోతైన చాళ్లు గల లీ–ఎన్‌ఫీల్డు తుపాకులు వచ్చినవి. నైట్రోగ్లిసరినును 30 పాళ్లకు తగ్గించిన సవరించిన కార్డైటు తరువాత అమలుకు వచ్చెను. 1910 నాటి ఏడవ మార్కు తూటా 174 గ్రెయినుల, అనగా సుమారు 11.3 గ్రాముల, గుండును సెకనుకు 2,440 అడుగుల వేగముతో పంపెడిది. భారతదేశమున కిర్కీలో తూటాలు, నీలగిరులలోని అరువంకాడులో కార్డైటు, ఇషాపూరులో తుపాకులు తయారయ్యెను.

లక్షణములు, వాని మోసములు

అతి పీడనమునకు సామాన్యముగా చెప్పబడు జాడలు కొన్ని కలవు: తొడుగు అడుగున నుండి మందును రగిలించు ప్రైమరు చదునై అంచులకు ప్రాకుట; ఫైరింగ్ పిన్ను దిగిన గుంట చుట్టును గట్టువలె లోహము లేచుట; ప్రైమరు రంధ్రపడి మసి కట్టుట; బోల్టు ఎత్తుటకు గట్టి బలము కావలసివచ్చుట; తొడుగు అడుగు వ్యాకోచించి ప్రైమరు వదులగుట. వీనిలో ఏ ఒక్కటియు తనంతట తాను తీర్పు చెప్పజాలదు. ప్రైమరు పలుచనిదైనచో మితమైన పీడనమునకే చదునగును. తొడుగు అడుగునకును బోల్టు తలకును నడుమ ఎడము అధికమైనచో ప్రైమరు వెనుకకు వచ్చి తిరిగి నొక్కబడి చదునైనట్లు కనబడును. మరియు ఈ లీ తుపాకుల నిర్మాణమున బోల్టును పట్టి యుంచు కొమ్ములు వెనుకభాగమున నుండుటచే, కాల్చినప్పుడు ఇనుము కొంత సాగి, తొడుగును కూడ సాగదీయును. అందుచే అడుగునకు కొంచెము పైన మెరయు వలయమొకటి ఏర్పడి, పలుమార్లు నింపిన తొడుగు అచ్చట తెగిపోవుట ఈ తుపాకులకు పరిపాటి. ఇది అధిక మందు వలన గాక ఎడము వలన కలుగు దోషము. నాలుగవ నమూనా లీ–ఎన్‌ఫీల్డు తుపాకికి 0 మొదలు 3 వరకు నాలుగు పరిమాణముల బోల్టు తలలను సమకూర్చుట ఈ ఎడమును సరిచేయుటకే.

కారణాన్వేషణము చేయువాడు మొదట కాల్చుట మాని, మిగిలిన తూటాలను విప్పి తూచి, మందు పరిమాణము, తొడుగుల పొడవు, గుండు వ్యాసము, గొట్టపు అరుగుదల, తూటా కూర్చుండు గదిలో మిగిలిన నూనె, వాతావరణపు వేడి అనువానిని వరుసగా పరీక్షింపవలెను. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటు తెలంగాణలోని మద్నూరు వంటి దక్కను సీమలలో ఎండన పెట్టిన తూటా, చల్లని దేశమున నిరపాయకరమైన అదే మందుతో, అధిక పీడనమును పుట్టింపగలదు. ఏ జాడయు కనబడక పోవుట క్షేమమునకు సాక్ష్యము గాదు; పాత ఉక్కు ముందుగా హెచ్చరింపకయే విరుగవచ్చును.

తెలుగు సీమలో

హైదరాబాదులో నిజాము కొలువున నుండిన ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదవ శతాబ్ది చివర తోపులు పోతపోయు కార్ఖానాను స్థాపించెను. గన్‌ఫౌండ్రీ అను పేట ఆ పేరుననే నిలిచినది. తెలంగాణ సాయుధ పోరాటమున (1946–51) రైతుల చేతిలో వడిసెలలతోబాటు బర్మారు తుపాకులుండెడివి. గొట్టపు మూతి నుండి చేతి అంచనాతో మందు కూరు ఆ తుపాకులలో ఇత్తడి తొడుగే లేదు. తప్పు జరిగెనని తెలుపు సాక్షియు లేదు. గొట్టము పగులుటయే తొలి లక్షణము. అదే ఊళ్లలో కనబడిన పోలీసు త్రీనాట్‌త్రీతో పోల్చినచో, ఖాళీ తొడుగు మానవునకు చేసిన మేలు స్పష్టమగును.

1962 చైనా యుద్ధానంతరము ఇషాపూరు కార్ఖానా పాత లీ–ఎన్‌ఫీల్డు రూపముననే 7.62 మిల్లీమీటర్ల నాటో తూటాను కాల్చు 2ఎ, 2ఎ1 తుపాకులను మెరుగైన ఉక్కుతో నిర్మించెను. ఐరోపా ప్రమాణమున ఆ తూటాకు గరిష్ఠ పరిమితి 415 మెగాపాస్కళ్లు; త్రీనాట్‌త్రీ కన్న 50 అధికము. రూపసామ్యమును నమ్మి బలసామ్యమును ఊహించుట అనర్థహేతువు.

నేటి స్థితి

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న త్రీనాట్‌త్రీకి వీడ్కోలు పలికిరి. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము అనుమతి లేక తూటాలు తయారుచేయుట మన దేశమున నేరము. అట్లయ్యు ఈ విద్య నిష్ప్రయోజనము కాదు; పరిశోధనశాలలో పగిలిన తుపాకిని పరీక్షించు నిపుణుడును, పురావస్తు ప్రదర్శనశాలలో పాత ఆయుధమును భద్రపరచు అధికారియు, లోహముపై మిగిలిన గుర్తులన్నిటిని కలిపి చదివి, కొలతతో సరిపోల్చిన పిదపనే నిర్ణయమునకు రావలయునని ఈ చరిత్ర బోధించుచున్నది.