పట్నం ల్యాబ్ నుంచి ఊరి సబ్‌సెంటర్ దాకా

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్షకు బీజం పడింది గినీ పందుల దగ్గర. న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో జార్జ్ పాపనికొలావు అనే గ్రీకు శాస్త్రవేత్త వాటి రుతుచక్రం అంతు తెలుసుకోవాలని, యోని స్రావాన్ని గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించేవాడు. 1917లో ఆ పని అచ్చయింది. మనుషుల వంతు వచ్చేసరికి నమూనాలు ఇచ్చింది ఆయన భార్య ఆండ్రోమాకి. ఏళ్ల తరబడి ఆవిడ స్మియర్లు చూసి చూసి మామూలు కణం రూపం ఆయనకు కంఠతా వచ్చింది, అందుకే తేడా కణం ఎదురైతే ఇట్టే పట్టేశాడు. 1928లో ఈ సంగతి బయటపెడితే వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. ఇంచుమించు అదే సమయంలో రుమేనియాలో ఆరెల్ బాబెష్ కూడా ఇలాంటి పద్ధతే ప్రకటించాడు గానీ పేరు పాపనికొలావుకే దక్కింది. 1943లో హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి ఆయన పుస్తకం తెచ్చాకే పాప్ స్మియర్ ఆసుపత్రుల గడప తొక్కింది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 1949లోనే దీన్ని ప్రజా కార్యక్రమంగా మొదలుపెట్టింది. ఫిన్లాండ్ 1960లలో అందుకుంది. బ్రిటన్ కథ మాత్రం వేరు. అక్కడ 1960ల నుంచే స్మియర్లు తీస్తున్నా, ఎవరికి తీశారో, ఎవరు మిగిలిపోయారో లెక్కలేదు. 1988లో కంప్యూటర్ జాబితా పెట్టి, గడువు రాగానే ప్రతి స్త్రీకీ ఉత్తరం పంపడం మొదలయ్యాక మరణాలు గట్టిగా తగ్గుముఖం పట్టాయి. ఉత్తరం వెళ్లడానికి చిరునామా కావాలి, స్లైడు చదవడానికి శిక్షణ పొందిన కళ్లు కావాలి, ఫలితం వచ్చాక ఆవిడ మళ్లీ రావాలి.

మన పల్లెల్లో ఈ మూడూ కష్టమే. తెల్లబట్ట అవుతోందనో నడుం లాగుతోందనో ఓపీకి వచ్చిన మనిషి ఆ పూట కూలి వదులుకుని వస్తుంది. స్లైడు పట్నం వెళ్లి, ఫలితం వారాల తర్వాత వస్తే, రెండోసారి వచ్చేదెవరు?

దీనికి దొరికిన జవాబు వెనిగర్. 1925లో జర్మనీలో హాన్స్ హిన్సెల్‌మాన్ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే కాల్పోస్కోప్ అనే పరికరం తయారుచేశాడు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం పూస్తే అనుమానం ఉన్న చోటు తెల్లబడుతుందని ఆ పరికరంతో చూసేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. పరికరం తీసేసి, పలచని ద్రావణం అద్ది, నిమిషం ఆగి, మంచి వెలుతురులో కంటితోనే చూస్తే? అదే వయా పరీక్ష. డాక్టరే అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చాలు. జింబాబ్వేలో నర్స్-మిడ్‌వైఫ్‌లు చేసి చూపిన అధ్యయనం 1999లో వెలువడింది.

ఈ పద్ధతికి అసలు పరీక్ష ఇండియాలో జరిగింది. తమిళనాడులోని దిండిగల్‌లో నర్సులు వయా చేయగా మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో తేలింది. ముంబయి బస్తీల్లో పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలతో టాటా మెమోరియల్ చేయించిన అధ్యయనంలో 31 శాతం. మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మందితో జరిగిన ప్రయోగం మాత్రం ఇంకో తీర్పు చెప్పింది. ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ వైరస్ అని 1980లలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం దారి చూపింది కదా, ఆ వైరస్ కోసమే ఒక్కసారి పరీక్షించిన గుంపులో 34 మంది చనిపోతే, పరీక్ష లేని గుంపులో 64 మంది పోయారు. వయా, పాప్ స్మియర్ గుంపుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2009లో వచ్చిన ఈ ఫలితం ప్రపంచం ఆలోచన మార్చింది. అయితే ఈ మూడు అధ్యయనాల్లో కలిపి పోలిక కోసం లక్షమందికి పైగా స్త్రీలను స్క్రీనింగ్ లేకుండానే ఉంచారు. అది న్యాయమా అన్న వాదన అమెరికా అధికారుల దాకా వెళ్లింది. వెళ్లవలసిందే.

హైదరాబాద్ శివారు మేడ్చల్‌లోనూ 2,331 మందికి మూడు పద్ధతులూ చేసి చూశారు. ముదిరే ముందు మార్పులను పట్టడంలో వయా బాగా వెనకబడింది. అయినా 2016లో కేంద్రం 30 నుంచి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకోసారి వయానే ఎంచుకుంది. హెచ్‌పీవీ కిట్ల ఖర్చు, యంత్రాల కొరత ముందు అది అర్థం చేసుకోదగ్గ నిర్ణయమే. అర్థం కానిది ఆ చవకైన పరీక్ష కూడా అందకపోవడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల వారిలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నామన్నవారు దేశంలో 1.9 శాతం. ముందుగా పైలట్ చేసి రాష్ట్రమంతా విస్తరించిన తమిళనాడులో దాదాపు 10. తెలుగు రాష్ట్రాలు రెండూ 5 లోపే.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి 70 శాతం స్త్రీలకు మేలైన పరీక్ష అందాలని లక్ష్యం పెట్టింది, మరుసటి ఏడాది హెచ్‌పీవీ పరీక్షకే ఓటు వేసింది. ఈ పరీక్షకు నమూనా ఎవరికి వారే తీసుకోవచ్చు. బల్ల ఎక్కడం, స్పెక్యులం, మగ డాక్టరు ఎదుట బిడియం, ఇవేవీ ఉండవు. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చిచ్చిన బ్రష్ చాలు. కానీ వైరస్ ఉందని తేలినవారిని ఎవరో ఒకరు కళ్లారా చూడాలి, అవసరమైతే ఆ పూటే థర్మల్ అబ్లేషన్‌తో అనుమానం ఉన్న చోటును కాల్చేయాలి. దానికి పీహెచ్‌సీలో తలుపు వేసుకునే గది, సరిగా వెలిగే లైటు, శిక్షణ పొందిన ఒక స్టాఫ్ నర్సు కావాలి.