రోడె: అడవి కొట్టిన చోటు

బ్రస్సెల్సు మహానగరమునకు దక్షిణమున, సోనియన్ అరణ్యపుటంచున నొదిగియున్న ఫ్లెమిష్ శివారుపురము సింట్ గెనేసియుస్ రోడె పేరులో మొదటి పదములు రెండును క్రైస్తవ పునీతునివి కాగా, ఊరిది చివరి 'రోడె' మాత్రమే. చెట్లను కూకటివేళ్లతో పెల్లగించి సాగునకు దెచ్చిన భూమియని దాని యర్థము. నేటికిని డచ్చి రైతు బంగాళాదుంపలు త్రవ్వుటను 'రోయెన్' అనుట ఆ ధాతువు చలువయే. ఫ్రెంచివారు ఆ 'రోడె'కు మూగ హకారము నొకదానిని తగిలించి, పేరు మొదటికి జరిపి, 'రోడ్ సేం జెనేజ్' అనుకొనిరి. 1963 నాటి భాషాశాసనము ఫ్రెంచి భాషీయులకు భాషాపరమైన సౌకర్యములు కల్పించిన ఆరు బ్రస్సెల్సు పొరుగుపురములలో ఇదియు నొకటి. ఉత్తరమున బ్రస్సెల్సు, దక్షిణమున వాలోనియాలోని వాటర్లూ దీనికి సరిహద్దులగుటచే, ఈ యిరుకు నేలను గూర్చి డచ్చి, ఫ్రెంచి భాషీయుల నడుమ తగవు బెల్జియములో ఇంకను చల్లారలేదు.