కల్పిత అంతరిక్ష నౌకల సాంకేతిక గ్రంథాలు

సినిమాలు, టీవీ సీరియళ్లు, నవలల్లోని నౌకలను అవి నిజంగానే ఎగిరినట్టు కొలతలతో, నిలువుకోత బొమ్మలతో వివరించే పుస్తకాలు. ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్ ఆధారంగా 1975లో అమెరికాలో వెలువడిన ‘స్టార్ ఫ్లీట్ టెక్నికల్ మాన్యువల్’ వీటికి ఒరవడి పెట్టింది. దాన్ని గీసిన ఫ్రాంజ్ జోసెఫ్ విమానాల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాడు. అదే ఏడాది వచ్చిన ‘ఎంటర్‌ప్రైజ్’ నౌక బ్లూప్రింట్లలో ఆయన బౌలింగ్ ఆటకు కూడా చోటిచ్చాడు!

రిక్ స్టెర్న్‌బాక్, మైకేల్ ఒకుడాల ‘స్టార్ ట్రెక్: నెక్స్ట్ జనరేషన్’ మాన్యువల్ (1991)కు మూలం ఆ సీరియల్ రచయితలకిచ్చిన మార్గదర్శిని. ఏ యంత్రం ఏం చేస్తుందో అందరూ ఒకేలా రాయాలి కదా. మనిషిని కణాలుగా విడదీసి మరోచోట నిలబెట్టే ట్రాన్స్‌పోర్టర్‌కు కణం స్థానం, వేగం రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవనే హైసెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రం అడ్డు. అందుకని ‘హైసెన్‌బర్గ్ కాంపెన్సేటర్’ అనే పరికరం తగిలించారు. అదెలా పనిచేస్తుందని మాత్రం అడగకూడదు.

కారు రిపేరు పుస్తకాలకు పేరుపడ్డ బ్రిటన్ సంస్థ హేన్స్ 2010లో ఎంటర్‌ప్రైజ్‌కూ అదే మూసలో పుస్తకం వేసింది.

తెలుగులో ‘ఆదిత్య 369’ (1991) కాలయంత్రం ఇలాంటి పుస్తకానికి మంచి సరుకే. ‘కల్కి 2898 ఏడీ’ (2024)లోని బుజ్జి అనే వాహనం కాగితం దాటి, సుమారు 6 టన్నుల మూడు చక్రాల బండిగా రోడ్డెక్కింది.